గుండిగ వెనుక ఉన్న పేరు

కిందటి శీతాకాలంలో మా దగ్గరి బంధువుల ఇంట జరిగిన వలీమా విందుకు వెళ్ళాను. ఎనిమిది వందల మందికి పైగా అతిథులు. దస్తర్‌ఖాన్ పరిచి బిర్యానీ పళ్ళేలు తెచ్చిపెట్టగానే నా పక్కన కూర్చున్న ఒక పెద్దాయన నాలుగు ముద్దలు తిని, చేయి ఆపి, "ఈ వంట ఎవరిది?" అని అడిగారు. మెతుకుకు మెతుకు అంటడం లేదు. మాంసం వేలితో తాకితే విడిపోతోంది. మసాలా ఘాటు గొంతును పట్టుకోవడం లేదు. ఆతిథ్యమిచ్చినవారిని అడిగితే "ఫంక్షన్ హాలు వాళ్ళే ఏర్పాటు చేశారు" అన్నారు. హాలు మేనేజరు కాంట్రాక్టరు పేరు చెప్పాడు. కాంట్రాక్టరు ఆ రాత్రి మరో రెండు చోట్ల విందులు నడిపిస్తున్నాడట, అక్కడ లేడు. చివరకు మేమిద్దరం హాలు వెనుక ఉన్న వంటశాలకు నడిచి వెళ్ళాం.

అక్కడ ఆరిపోతున్న కట్టెల పొయ్యి పక్కన, యాభై ఏళ్ళు పైబడిన ఒక మనిషి గుండిగ అడుగున మిగిలినదాన్ని గరిటెతో గీస్తున్నాడు. మోచేతుల దాకా పాత కాలిన మచ్చలు. ముప్పై ఏళ్ళుగా ఇదే పని అని చెప్పాడు. పెద్దాయన తన మనవరాలి నికాహ్‌కు ఆయననే పిలవాలని ఫోను నంబరు అడిగారు. కార్డు లేదు. తన నంబరు తనకే గుర్తు లేదు. కొడుకును పిలిచి చెప్పించాడు. పెద్దాయన దాన్ని ఒక చీటీ మీద రాసుకున్నారు. రెండు నెలల తరువాత నాకు ఫోను చేసి, "ఆ చీటీ ఎక్కడో పోయింది నాయనా, నీ దగ్గర నంబరు ఉందా?" అని అడిగారు. నా దగ్గరా లేదు. ఇక గత్యంతరం లేక కాంట్రాక్టరునే ఆశ్రయించాం. "ఆ సంగతి నాకు వదిలేయండి" అని చెప్పి, ఆయన ఇంకెవరినో పంపాడు. ఆ నికాహ్ విందులో బిర్యానీ ముద్దకట్టింది.

ఇందులో నష్టపోయింది ఎవరు? పెద్దాయన ఒక్క పూట భోజనం నష్టపోయారు. ఆ వంటమాస్టరు మాత్రం తనకు తెలియకుండానే ఒక పెద్ద ఆర్డరును, దాని వెంట రాగల మరో పది ఆర్డర్లను కోల్పోయాడు. ఇలా ముప్పై ఏళ్ళలో ఎన్నింటిని కోల్పోయి ఉంటాడో!

వంట వృత్తికి ఉన్న చిక్కే ఇది. వడ్రంగి చేసిన తలుపు యాభై ఏళ్ళు కళ్ళ ముందు ఉంటుంది. దర్జీ కుట్టిన షేర్వానీ మెడ దగ్గర అతని దుకాణం పేరు ఉంటుంది. వంటవాడు చేసిన పని గంటలో కడుపులోకి వెళ్ళిపోతుంది. తన నైపుణ్యానికి సాక్ష్యంగా చూపడానికి అతని చేతిలో ఏదీ మిగలదు. ఎవరో ఒకరు మరొకరికి చెప్పాలి, లేదా మధ్యవర్తి దయ తలచాలి. తరతరాలుగా మన బావర్చీల బతుకు ఈ రెంటి మీదే ఆధారపడి నడిచింది. చేతిలో ఉన్న ఫోను ఇప్పుడు ఆ సాక్ష్యాన్ని నిలిపి ఉంచగలదు. సామాజిక మాధ్యమాలు వంటవానికి చేయగల అసలు మేలు ఇదేనని నా అభిప్రాయం. లక్షల మంది చూడటం, ఊరూరా పేరు మోగడం వంటివి దీని తరువాతి సంగతులు.

తెలుగు నేలే ముందు నడిచింది

ఈ దారిలో మనవాళ్ళు వెనుకబడి లేరు. నిజానికి ఎంతోమంది కంటే ముందే ఉన్నారు. హోటల్ మేనేజ్‌మెంట్ చదివి పెద్ద హోటళ్ళలో పని చేసిన సంజయ్ తుమ్మ 2007లోనే 'వాహ్‌రేవాహ్' పేరుతో అంతర్జాలంలో వంట పాఠాలు మొదలుపెట్టారు. అప్పటికి మన ఊళ్ళలో చాలామంది చేతిలో ఉన్నవి మీటల ఫోన్లే. వంట చేస్తూ, నవ్వుతూ, ఏ పదార్థం ఎందుకు వేస్తున్నదీ కారణం చెబుతూ సాగే ఆయన పద్ధతి విదేశాలలో చదువుకుంటున్న పిల్లలకు ఇంటి వంటను దగ్గర చేసింది. 'వాహ్‌షెఫ్' అనే పేరు అలా స్థిరపడింది. గమనించవలసింది ఏమంటే, ఆయన కేవలం వండి చూపించలేదు, ఎందుకో చెప్పారు.

ఆ తరువాత ఆంధ్రప్రదేశ్‌కు చెందిన కర్రె మస్తానమ్మ. నూరేళ్ళు దాటిన వయసులో పొలం గట్టున కట్టెల పొయ్యి పెట్టుకొని వండేది. పుచ్చకాయ డొప్పలో ఆమె చేసిన కోడికూర దృశ్యం ప్రపంచమంతా తిరిగింది. ఆమెకు ఏ శిక్షణా లేదు, ఖరీదైన పరికరమూ లేదు. కెమెరా ముందు వేరే మనిషిగా మారిపోవాలన్న తాపత్రయం అసలే లేదు. 2018 డిసెంబరులో ఆమె కన్నుమూసినప్పుడు విదేశీ పత్రికలు కూడా వార్త రాశాయి. తెలంగాణకు చెందిన నారాయణరెడ్డి గారు 'గ్రాండ్‌పా కిచెన్' పేరుతో పెద్ద పెద్ద పాత్రలలో వండి అనాథ పిల్లలకు పెట్టేవారు. 2019 అక్టోబరులో ఆయన మరణించేనాటికి చూసేవారి సంఖ్య లక్షలు దాటింది. ఖ్వాజా మొయినుద్దీన్ తన మిత్రులతో కలిసి నడిపే 'నవాబ్స్ కిచెన్' కూడా అనాథల కోసం వండటమే పనిగా పెట్టుకొన్నది. శుభ్రమైన తెల్లని దుస్తులు, ఆరుబయట పొయ్యి, నిదానమైన చేతులు. మాట తక్కువ. పిల్లలు తినే దృశ్యంతో ముగింపు.

దీనికి పూర్తిగా భిన్నమైన ఉదాహరణ తుర్కియేలో ఉంది. నుస్రెత్ గోక్చే చిన్నతనంలోనే మాంసం దుకాణంలో పనికి కుదిరి, ఏళ్ళ తరబడి కత్తి పట్టి నేర్చుకొన్న మనిషి. 2017 జనవరిలో, మోచేతి మీదుగా ఉప్పు జార్చే ఒక చిన్న దృశ్యం ఆయనను రాత్రికి రాత్రి ప్రపంచ ప్రసిద్ధుణ్ణి చేసింది. అనేక దేశాలలో భోజనశాలలు తెరిచారు. కాని 2022 ప్రపంచ కప్ ఫుట్‌బాల్ ఫైనల్ ముగిశాక ఖతర్ మైదానంలోకి దిగి, గెలిచినవారికి మాత్రమే దక్కే కప్పును చేతబట్టినందుకు నలుగురూ తప్పుబట్టారు, ఫిఫా విచారణ జరిపింది. ఆయన మాంసం కోసే విద్య తక్కువదేమీ కాదు. అయితే జనం గుర్తుంచుకొన్నది ఆ విద్యను కాదు, ఉప్పు చల్లే భంగిమను. ఆ తరువాత ఆయన ఎక్కడికి వెళ్ళినా జనం ఆ భంగిమనే చూపమన్నారు. యువ వంటవాళ్ళు ఈ కథను రెండుసార్లు చదువుకోవాలి.

'అందాజా' నుండి గ్రాముల దాకా

మన పాత బావర్చీలను "ఉప్పు ఎంత?" అని అడిగితే "అందాజాగా" అంటారు. అది గర్వంతో చెప్పే మాట, నిజమైన మాట కూడా. నలభై కిలోల మాంసానికి ఉప్పును గుప్పిళ్ళతో కొలిచి వేసి, ఎక్కడా తేడా రానివ్వనివారు ఉన్నారు. కాని ఆ విద్య ఆ చేతులతోనే పోతుంది. కొడుకుకు వచ్చేది సగం. మనవడి దాకా వచ్చేసరికి అతను వేరే ఉద్యోగం వెతుక్కొంటాడు.

వీడియో తీయడం మొదలుపెట్టిన వంటవానికి జరిగే మొదటి మేలు ఇక్కడే ఉంది, అది బయటివారికి కనిపించదు. చూసేవారు అడుగుతారు: బియ్యం ఎంతసేపు నానబెట్టాలి? పాత బియ్యమా, కొత్త బియ్యమా? పచ్చి బొప్పాయి ఎంత? పెరుగు పులిస్తే ఏమవుతుంది? జవాబు చెప్పాలంటే ముందు తనకు తాను కొలుచుకోవాలి. ఒక కచ్చే గోష్త్ కీ బిర్యానీనే తీసుకోండి. ఇందులో మాంసాన్ని ముందుగా ఉడికించరు. మసాలా, పెరుగు పట్టించి పచ్చిదే గుండిగ అడుగున పరుస్తారు. పైన సగం ఉడికిన అన్నం పరిచి, మూత చుట్టూ పిండి ముద్ద మెత్తి, కింద మంట, మూత మీద నిప్పులు వేసి దమ్ పెడతారు. మూత వేశాక లోపల ఏం జరుగుతున్నదో కంటికి కనబడదు. అన్నం ఒక్క నిమిషం ఎక్కువ ఉడికితే మాంసం మెత్తబడేసరికి అది ముద్దయిపోతుంది. తక్కువ ఉడికితే మెతుకు పలుకుగా మిగిలిపోతుంది. అందుకే అనుభవజ్ఞుడు అడుగు పొరలో వేసే అన్నాన్ని కొంచెం ముందే వార్చి, పై పొరకు వేసేది మరికాస్త ఉడకనిస్తాడు. అడుగు అన్నానికి మాంసం నుండి ఊరే రసం అందుతుంది, పై అన్నానికి ఆవిరే దిక్కు.

ఈ ఒక్క విషయాన్ని రెండు నిమిషాల వీడియోలో, తన సొంత మాటలలో, వార్చిన అన్నం మెతుకును వేళ్ళ మధ్య నలిపి చూపిస్తూ చెప్పగల వంటమాస్టరుకు ఇక పరిచయ పత్రం అవసరం లేదు. ఆ వీడియో చూసినవారికి ఇతను పనివాడని అర్థమైపోతుంది. రహస్యం బయటపడిపోతుందని భయపడేవారూ ఉన్నారు. నాకు ఆ భయంలో పస కనిపించదు. ఎనిమిది వందల మందికి వండవలసిన మనిషి వీడియో చూసి తానే పొయ్యి వెలిగించడు, ఆ వీడియోలో ఉన్నవానికే ఫోను చేస్తాడు. కాకపోతే ఇంటి మసాలా పాళ్ళు వంటి ఒకటి రెండు సంగతులను దాచుకొనే హక్కు వంటవానికి ఎప్పుడూ ఉంటుంది. దాన్ని నిర్మొహమాటంగా "ఇది మా ఇంటి పాళ్ళు, చెప్పను" అంటే ఎవరూ తప్పుపట్టరు. తప్పు పాళ్ళు చెప్పి జనం వంట పాడుచేయడం మాత్రం మోసం.

ఇంకో మేలు ఉంది. తన వీడియోను తానే చూసుకొనే వంటవానికి తన అలవాట్లు తెలిసివస్తాయి. ఒక యువ వంటవాడు నాతో అన్నాడు: "భుజం మీది గుడ్డతో చెమట తుడుచుకొని, దానితోనే పళ్ళెం అంచు తుడుస్తున్నానని వీడియో చూసేదాకా నాకు తెలియదు." ఆనాటి నుండి రెండు గుడ్డలు పెట్టుకొన్నాడు. కెమెరా కోసం శుభ్రత నటించడం ఒకటి, కెమెరా వల్ల శుభ్రత నేర్చుకోవడం మరొకటి. ఆహార పదార్థాలు అమ్మే ప్రతివారూ 2006 నాటి ఆహార భద్రతా చట్టం ప్రకారం ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ వద్ద నమోదు చేసుకోవాలి. అక్కడ ఇచ్చే 14 అంకెల సంఖ్యను ఖాతా పరిచయంలో కనబడేలా పెట్టుకొంటే, తెలియని ఊరి నుండి ఆర్డరు ఇచ్చేవారికి అది ఒక భరోసా. ఇంట్లో వండి అమ్మే సోదరీమణులకూ ఈ నియమం వర్తిస్తుంది.

ఏ పనికి ఏ మాధ్యమం

అన్ని చోట్లా ఉండాలని పరుగులు పెట్టడం వృథా శ్రమ. పొద్దున నాలుగింటికి లేచి మాంసం మార్కెట్టుకు వెళ్ళే మనిషికి రోజంతా ఫోను పట్టుకొనే తీరిక ఉండదు. పని స్వభావాన్ని బట్టి ఎంచుకోవాలి.

వివాహాలు, విందులు చేసే వంటమాస్టరుకు అన్నిటికంటే ముందు కావలసింది గూగుల్ మ్యాప్‌లో తన పేరు, ఊరు, నంబరు నమోదు కావడం. ఇది ఉచితం. "నా దగ్గరలో బిర్యానీ వంటవారు" అని ఎవరైనా వెతికినప్పుడు కనిపించేది అదే. రెండవది వాట్సాప్ బిజినెస్. మామూలు వాట్సాప్‌లా ఉంటూనే వంటకాల పట్టిక, ధరలు, పని వేళలు ఒకచోట పెట్టుకొనే వీలు ఇందులో ఉంది. ఎవరైనా అడిగితే ప్రతిసారీ టైపు చేయనవసరం లేదు. చిన్న వీడియోలకు ఇన్‌స్టాగ్రామ్, పూర్తి పాఠానికి యూట్యూబ్. పెద్ద హోటళ్ళలో కమీ స్థాయి నుండి సూ షెఫ్ దాకా ఎదగదలచినవారు లింక్డ్‌ఇన్‌ను నిర్లక్ష్యం చేయకూడదు. మన పిల్లలు అక్కడ చాలా తక్కువగా కనిపిస్తారు, నియామకాలు చేసేవారు మాత్రం అక్కడే వెతుకుతారు.

యూట్యూబ్ ఆదాయం గురించి ఆశలు ఎక్కువ కనుక ఒక మాట. ప్రకటనల ఆదాయంలో వాటా రావాలంటే 1,000 మంది చందాదారులు ఉండాలి. దానితోపాటు పన్నెండు నెలల్లో 4,000 గంటల వీక్షణ గాని, తొంభై రోజుల్లో కోటి షార్ట్స్ వీక్షణలు గాని ఉండాలి. అది చేరుకొన్నాక కూడా వచ్చేది చాలామందికి చేతి ఖర్చుకు మించదు. వంటవానికి అసలు ఆదాయం ఆర్డర్లలో ఉంది. కర్నూలులో విందులు చేసే మనిషికి ఎక్కడో దూర దేశంలోని మూడు లక్షల మంది కంటే కర్నూలు, నంద్యాలలలోని మూడు వందల కుటుంబాలు ఎక్కువ విలువైనవి. కాబట్టి ప్రతి వీడియోలో ఊరి పేరు వినిపించాలి, తెర మీద కనిపించాలి. తెలుగులో మాట్లాడటానికి సిగ్గుపడనవసరం లేదు. దక్కనీ యాస కలిసిన తెలుగైతే మరీ మంచిది, అది మన వంట పుట్టిన ఇంటి భాష.

చిత్రీకరణకు ఖరీదైన కెమెరా అక్కరలేదు. పగటి వెలుతురు పక్క నుండి పడేలా నిలబడాలి. వెనుక నుండి పడితే మనిషి నల్లగా, గుండిగ మరీ నల్లగా కనిపిస్తుంది. ఫోను చేతితో పట్టుకోకుండా స్టాండు మీద నిలపాలి. మూత తెరిచే ముందు ఫోనును కాస్త దూరం జరపాలి, లేకపోతే ఆవిరికి కటకం మసకబారి అసలు దృశ్యమే పోతుంది. ఇది నేను కళ్ళారా చూసిన ప్రమాదం: మూడు గంటల దమ్, ఒక్కసారి తెరిచే మూత, వీడియోలో మాత్రం తెల్లని పొగ! సంగీతం కలపాలన్న తొందరా అక్కరలేదు. ఉల్లిపాయలు నూనెలో ఎర్రబడే చప్పుడు, పిండి ముద్రను కత్తితో పగలగొట్టే శబ్దం, హలీంను ఘోట్నీతో దంచే లయ - వీటికి మించిన సంగీతం వంటశాలకు లేదు. పైగా ఇతరుల పాటలు వాడితే హక్కుల గొడవలు వస్తాయి.

హలీం మాట వచ్చింది కనుక. 2010లో హైదరాబాదీ హలీంకు భౌగోళిక గుర్తింపు లభించింది. గోధుమలు, మాంసం, నెయ్యి కలిపి గంటల కొద్దీ భట్టీ మీద ఉడికించి దంచే ఆ శ్రమను తినేవారిలో ఎంతమంది చూశారు? రమజాన్ మాసమంతా రోజుకో ముప్పై సెకన్ల దృశ్యం చాలు: తెల్లవారుజామున గోధుమలు పడటం, మధ్యాహ్నం ఇద్దరు మనుషులు ఎదురెదురుగా నిలబడి దంచటం, అస్ర్ వేళకు అది తీగలు సాగటం. ఇదంతా చూసినవాడు ధర ఎక్కువని బేరమాడడు.

జనం విరగబడితే

2024 జనవరిలో హైదరాబాద్ ఐటీ ప్రాంతంలో రోడ్డు పక్కన భోజనం అమ్ముకొనే కుమారి ఆంటీ వీడియోలు ఎంతగా వ్యాపించాయంటే, ఆమె బండి దగ్గర వాహనాలు నిలిచిపోయే పరిస్థితి వచ్చింది. ట్రాఫిక్ పోలీసులు వ్యాపారం ఆపించారు. చివరకు ముఖ్యమంత్రి జోక్యంతో తిరిగి నడుపుకొనే వీలు కలిగింది. ఆమె ఎవరినీ పిలవలేదు, తనంతట తాను ప్రచారం చేసుకోలేదు. ఇతరులు తీసిన వీడియోల వల్లే ఆ పరిస్థితి వచ్చింది. అందరికీ ముఖ్యమంత్రి జోక్యం దొరకదు. రోజుకు నూరు మందికి వండగలిగినవాడు వెయ్యి మందిని రమ్మంటే నాణ్యత పోతుంది, ఇరుగుపొరుగుతో తగాదా వస్తుంది, మూడో రోజు చెడ్డ పేరు అదే వేగంతో పాకుతుంది. "ఈరోజుకు అయిపోయింది, రేపు రండి" అని ఖాతాలో రాసే ధైర్యం ఉండాలి.

ఉచితంగా తినిపిస్తే వీడియో చేస్తామని వచ్చేవారు మరో తలనొప్పి. అందరూ చెడ్డవారు కాదు. కాని డబ్బు లేదా ఉచిత భోజనం తీసుకొని పొగడటాన్ని ప్రకటన అని స్పష్టంగా చెప్పాలని వినియోగదారుల వ్యవహారాల శాఖ 2023లో మార్గదర్శకాలు ఇచ్చింది. దాన్ని దాచి పొగిడించుకోవడం, చుట్టాల చేత ఐదు నక్షత్రాలు వేయించుకోవడం మనకు తగిన పనులు కావు. దైవప్రవక్త (స) బజారులో ధాన్యపు రాశిలో చేయి పెట్టి చూస్తే లోపల తడి తగిలిన ఉదంతం మన ఇళ్ళలో పిల్లలకు కూడా తెలుసు. ఆ తడి ధాన్యాన్ని జనం చూసేలా పైన ఎందుకు పెట్టలేదని ఆయన వర్తకుణ్ణి నిలదీశారు. ఫోను తెర మీద కనిపించేది రాశి పైభాగమే. వీడియోలో కిలోకు నాలుగు పెద్ద ముక్కలు చూపించి, పొట్లంలో ఎముకలు పంపేవానికి ఆ ఉదంతం వర్తిస్తుంది. హలాల్ మాంసం ఎక్కడ నుండి తెస్తారో అడిగినవారికి దాపరికం లేకుండా చెప్పడం కూడా ఇందులో భాగమే.

విమర్శకు జవాబు ఎలా ఇవ్వాలన్నది చాలామందిని బాధించే విషయం. ఉప్పు ఎక్కువైందని ఎవరైనా బహిరంగంగా రాస్తే, నిజమైతే ఒప్పుకొని ఫోను చేసి మాట్లాడాలి. ఆ సంభాషణను నలుగురూ చదువుతారు, దాన్ని బట్టే మనిషిని అంచనా వేస్తారు. తిట్టినవానికి తిరిగి తిట్టే వంటవానికి పెండ్లి వంట ఎవరు అప్పగిస్తారు?

హోటళ్ళలో పని చేసేవారు యాజమాన్యం అనుమతి లేకుండా వంటశాల లోపలి దృశ్యాలు పెట్టకూడదు. ఇలాంటి వీడియో వల్ల ఉద్యోగం పోగొట్టుకొన్న కుర్రవాణ్ణి నేనెరుగుదును. ఇంట్లో సెలవు రోజున చేసిన వంటను చూపడానికి ఎవరి అనుమతీ అక్కరలేదు. మరొకరి దగ్గర నేర్చుకొన్న వంటకాన్ని చూపేటప్పుడు ఉస్తాద్ పేరు చెప్పాలి. పేరు చెబితే పోయేదేమీ లేదు, దాచితే ఆ ఉస్తాద్ శిష్యులే వచ్చి కింద రాస్తారు.

ఖతర్, కువైట్, సౌదీలలో వంటవారి ఉద్యోగాలంటూ ఫేస్‌బుక్‌లో, వాట్సాప్‌లో తిరిగే ప్రకటనల విషయంలో మరీ జాగ్రత్త. కడప, కరీంనగర్ వంటి జిల్లాల నుండి గల్ఫ్ వెళ్ళే కుటుంబాలకు ఈ బాధ కొత్త కాదు. ఏజెంటు నమోదైనవాడా కాదా అన్నది విదేశాంగ శాఖ ఈ-మైగ్రేట్ వెబ్‌సైటులో చూసుకోవచ్చు. అది చూడకుండా ఒక్క రూపాయి ఇవ్వకూడదు. మంచి వీడియోలు ఉన్న వంటవానికి ఇక్కడ ఒక అనుకూలత ఉంది: యజమాని నేరుగా పని చూసి మాట్లాడగలడు. అయినా ఒప్పంద పత్రం చేతికి రానిదే పాస్‌పోర్టు ఎవరికీ అప్పగించరాదు.

ముఖం చూపనవసరం లేదు

కుబానీ కా మీఠా, డబల్ కా మీఠా, లుఖ్మీలు, రకరకాల ఊరగాయలు చేయడంలో అందె వేసిన చేతులు మన ఇళ్ళలోనే ఉన్నాయి. వారిలో చాలామంది కెమెరా ముందుకు రావడానికి ఇష్టపడరు. రావలసిన అవసరమూ లేదు. వంటకు కావలసినవి చేతులు, పాత్ర, గొంతు. గొంతు కూడా వద్దనుకొంటే తెర మీద అక్షరాలు చాలు. ముఖం చూపకుండానే వేలమందికి చేరిన వంట ఖాతాలు ఎన్నో ఉన్నాయి. కాకపోతే కొన్ని ఏర్పాట్లు ముందే చేసుకోవాలి. ఆర్డర్లకు ఇంటి నంబరు కాక వేరే నంబరు పెట్టుకోవాలి. వీడియోలో ఇంటి గుమ్మం, వీధి బోర్డు, పిల్లల బడి దుస్తులు కనబడకుండా చూసుకోవాలి. సరుకు అప్పగించే చోటు ఇల్లు కాక దగ్గరలోని బంధువుల దుకాణమైతే ఇంకా మేలు. అర్ధరాత్రి వచ్చే అనవసర సందేశాలకు జవాబు ఇవ్వక, ఆ నంబరును వెంటనే బ్లాక్ చేయాలి. వచ్చే సొమ్ము ఎవరి ఖాతాలో పడాలన్నది కూడా మొదటి రోజే తేల్చుకోవాలి. వండేది ఒకరు, డబ్బు పడేది ఇంకొకరి ఖాతాలో అయితే ఆరు నెలలకే ఆ ఉత్సాహం చల్లారడం నేను రెండు ఇళ్ళలో చూశాను.

పేదలకు వండి పెట్టి వీడియో తీయడం గురించి భిన్నాభిప్రాయాలు ఉన్నాయి. దాన్ని చూసి మరికొందరు దానానికి ముందుకు వస్తారన్నది నిజం. పెట్టే చేతికి ప్రదర్శనా బుద్ధి అంటుకొంటుందన్న భయమూ నిజమే. నా మటుకు నాకు ఒక గీత స్పష్టంగా కనిపిస్తుంది: గుండిగను చూపండి, వడ్డించే గరిటెను చూపండి, తీసుకొనే పిల్లవాని ముఖం మాత్రం వద్దు. ఇరవై ఏళ్ళ తరువాత ఆ పిల్లవాడు పెద్ద ఉద్యోగంలో ఉన్నప్పుడు ఆ దృశ్యం ఇంకా తిరుగుతూనే ఉంటుంది.

2020 జూన్ 29న టిక్‌టాక్‌ను మన దేశంలో నిషేధించినప్పుడు, ఏళ్ళ తరబడి అక్కడే పేరు కూడబెట్టుకొన్న చిన్న వంటవారెందరో ఒక్క రాత్రిలో మళ్ళీ మొదటికి వచ్చారు. ఖాతా మనదే అనిపిస్తుంది, స్థలం మాత్రం వేరొకరిది. అందుకే ప్రతి ఆర్డరు ఇచ్చినవారి పేరు, నంబరు, తేదీ, ఎంతమందికి వండినదీ ఒక నోటు పుస్తకంలో రాసుకోవాలి. ఏ సంస్థ మూతబడినా ఆ పుస్తకం మనదే. రెండు అంచెల రక్షణ పెట్టుకోని ఖాతాలు దొంగల పాలైన సందర్భాలూ తక్కువేమీ కాదు.

మొదట్లో చెప్పిన వంటమాస్టరు ఈ మధ్య మరో విందులో మళ్ళీ కనిపించాడు. ఈసారి కొడుకు పక్కనే ఉన్నాడు. డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్నాడట. తండ్రి పిండి ముద్రను గరిటె కాడతో కొట్టి పగలగొడుతుంటే దూరంగా నిలబడి ఫోనులో తీస్తున్నాడు. నలభై సెకన్లు. కింద తండ్రి పేరు, ఊరు, నంబరు. అంతకుముందు పెట్టిన వీడియోను రెండు వందల మంది కూడా చూడలేదని కొంత నిరుత్సాహంగా చెప్పాడు. ఫోన్లు ఏమైనా వచ్చాయా అని అడిగాను. రెండు వచ్చాయన్నాడు. ఒకరు ధర విని పెట్టేశారట. రెండవవారు అరవై మందికి అఖీఖా వంట మాట్లాడి అడ్వాన్సు పంపారట. తండ్రి వెనక్కి తిరిగి చూడకుండానే, "వీడియో తరువాత తీద్దువు గాని, ముందు పళ్ళేలు అందించు" అన్నాడు.

నేను ఆ నంబరును ఫోనులో భద్రపరచుకొని, అక్కడి నుండే పెద్దాయనకు పంపాను. ఆయనకు ఇంకో మనవరాలు ఉంది.